ఒక్క ఆడిది బస్సుతోని సమానమా? కర్ఖేలిల కూసోని స్త్రీవాద కవిత్వం చదివితె

మన పేజీల ఇప్పటిదాక మాటల మీదనే రాసుకుంట వస్తున్నం. ఇసుర్రాయికి, రోలుకు, బండికి మన దిక్కు ఏమంటరు, ధర్మాబాద్ దిక్కు ఎట్లంటరు, దెగ్లూర్ దిక్కు ఎట్లంటరు అని. ఇయ్యాల కవిత్వం మీద, అందుల స్త్రీవాద కవిత్వం మీద రాస్తున్న అంటె "ఇది మన సబ్జెక్టు గాదు సార్" అని ఒకరిద్దరన్న అంటరు. నేనైతె ఇది మన సబ్జెక్టే అంట. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాజ్యాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు మన నాందేడ్ జిల్లా బొంబాయి దిక్కు పోయింది. అప్పటిసంది మొగోళ్లు కచేరికి, మొండాకు, బ్యాంకుకు పోయి మరాఠీ మాట్లాడిన్రు. తెలుగు ఇంట్ల మిగిలింది. ఇంట్ల మిగిలింది అంటె ఆడోళ్ల నోట్లె మిగిలింది అని. కర్ఖేలిల ఇప్పుడు ఎవరికన్న పాత తెలుగు మాట కావాల్నంటె పోయి అడగాల్సింది డెబ్బై, ఎనభై ఏండ్ల ముసలమ్మలనే. కాబట్టి తెలుగుల ఆడోళ్లు "నేను" అని మొదలుపెట్టి ఏం రాసిన్రో, ఏ మాటలతోని రాసిన్రో చూడకుంట మన మాండలికం చరిత్ర సగం కూడ పూర్తి గాదు.

నేను కామర్స్ చదివినోన్ని. సాహిత్యం పరీక్ష రాసింది లేదు. ముప్పై ఏండ్లకు పైన బ్యాంకుల లెడ్జర్లు చూసిన, అదీ మరాఠీలనో ఇంగ్లిష్‌లనో. తెలుగు అక్షరాలు పెద్దయినంక నేర్చుకున్నయి. రిటైరయినంక నిజామాబాద్ నుంచి చుట్టాలు తెచ్చిచ్చిన పుస్తకాలతోని ఈ చదువు మొదలయింది. అందుకే నేను కవిత్వం చదివేది గూడ లెడ్జర్ చదివినట్టే ఉంటది. ప్రతి ఎంట్రీ ఎనుక వోచర్ ఉన్నదా లేదా అని చూస్త. "స్త్రీ అణచివేతకు గురయింది" అంటె అది ఎంట్రీ. దాని ఎనుక ఒక గిన్నెనో, కొంగో, సంతకమో, ఇంట్ల రోజు ఇనవడే ఒక మాటనో పెట్టాలె. అది వోచర్. వోచర్ లేని కవితలు చాన ఉన్నయి, వాటి సంగతి తర్వాత చెప్త.

వోచర్ ఉన్న కవిత అంటె నాకు మొట్టమొదలు సావిత్రి రాసిన 'బందిపోట్లు' గుర్తుకొస్తది. 1984ల వచ్చింది. శాన చిన్న కవిత. అందుల ఆమె ఉపన్యాసం ఇయ్యలేదు. బళ్ల పంతులు, ఇంట్ల పెద్దోళ్లు, ఆఫీసుకు పోయే అన్న మామూలుగ అనే మాటలే పట్టుకొచ్చింది. పాఠం అప్పజెప్పకుంటె పెండ్లి చేస్తనని బెదిరిచ్చుడు, ఆఫీసుల సతాయించే పై అధికారిని మొగడని పిలుసుడు, ఇసొంటియి. ఒక చిన్న పోరి ఈ మాటలన్ని ఇనుకుంట పెండ్లి అంటె ఏందో, మొగడంటె ఏందో అర్థం చేసుకుంటది. ఇది మనం ఈ పేజీల చేసే పనే గద! మాటలు ఏరుకొచ్చి పక్కపక్కన పెట్టుడు.

ఈ కవిత చదివిన రోజు నాకు నవ్వొచ్చింది. మా బ్రాంచికి ఇన్‌స్పెక్షన్ వచ్చిందంటె తెలుగు మాట్లాడే మేమంత "మొగడొచ్చిండు రా" అనేటోళ్లం. పక్క టేబుల్ కాడి మరాఠీ మిత్రులు అదే మనిషిని చూసి "బాప్ ఆలా" అనేది. మనకు భయపెట్టేటోడు మొగడు, వాళ్లకు భయపెట్టేటోడు తండ్రి. రెండు భాషల్ల గూడ ఇంట్ల పెత్తనం చేసేటోని పేరే ఆఫీసుకు వచ్చింది. అయితె తెలుగుల "మొగడొచ్చిండు" అని అనే మొగోడు ఆ క్షణంల తనను తాను పెండ్లాం జాగల నిలవెట్టుకుంటున్నడు. భయం అంటె ఎట్లుంటదో చెప్పనీకి పెండ్లాం భయం కన్న మంచి పోలిక వానికి దొరకలేదన్నట్టు. సావిత్రి పట్టుకున్నది దీన్నే. అందుకే నలభై ఏండ్లయినా ఆ కవిత పాతవడలేదు.

ఇంక అసలు సంగతికొస్త. మన సరిహద్దు మనుషులకు మాత్రమే తొందరగ కనవడే ఒక ముచ్చట ఉన్నది. మరాఠీల ఆడామె "మీ ఆలే" అంటది, మొగాయన "మీ ఆలో" అంటడు. కవిత మొదటి క్రియ కాడనే రాసింది ఆడామెనా, మొగాయననా తెలిసిపోతది. తెలుగుల "నేను వచ్చిన" అంటె ఎవరు వచ్చినట్టు? ఎవరన్న కావచ్చు. తెలుగు "నేను"కు ఆడా మొగా లేదు. ఒక మరాఠీ కవయిత్రికి వ్యాకరణం ఊకెనే ఇచ్చింది, తెలుగు కవయిత్రి సంపాదించుకోవాలె. పైట అనో, గర్భం అనో, వంటిల్లు అనో చెప్తెనే ఆ "నేను" ఆడామె అని తెలుస్తది. తెలుగు స్త్రీవాద కవిత్వంల వొంటి గురించి, ఇంట్ల సామాను గురించి అంతగనం ఎందుకు రాసిన్రు అని కొందరు ముక్కు ఇరుస్తరు. నాకు తోచిన ఒక కారణం ఇది. ఇదే కారణం అని అనను, ఇది గూడ ఒకటి అంటున్న.

అన్యపురుషకు పోతె ఇంకో తమాష ఉన్నది. వాడు వచ్చిండు. ఆమె వచ్చింది. బస్సు వచ్చింది. అంటె ఏకవచనంల ఆడామెది, బస్సుది ఒకటే క్రియ. అదే నలుగురు ఆడోళ్లు కలిసొస్తె "వచ్చిన్రు" అంటం, నాలుగు బస్సులైతె "వచ్చినయి" అంటం. ఒక్కతె ఉన్నప్పుడు వస్తువు లెక్క, నలుగురు కూడితె మనుషుల లెక్క! 1990ల 'గురిచూసి పాడేపాట', 1993ల ఓల్గా సంపాదకత్వంల 'నీలిమేఘాలు', ఇట్ల ఈ కవిత్వం మొదట్ల పెద్దగ చప్పుడు చేసింది సంకలనాలుగనే. ఒక్కొక్కరి కవిత పత్రికల వచ్చినప్పుడు "ఏందో రాసింది" అన్నోళ్లు, అందరియి ఒక్క అట్టల మధ్యన వచ్చేసరికి "ఏందో రాస్తున్రు" అనుకుంట ఎదురు వ్యాసాలు రాసిన్రు. వ్యాకరణం నిజమయిందని నేను ఒక్కన్నే నవ్వుకున్న.

అయితె నవ్వుకున్నంత మాత్రాన దీన్ని సిద్ధాంతం చేయొద్దు. మన కిన్వట్ తాలూకాల గోండి, కోలామి మాట్లాడేటోళ్లున్నరు. ఆ భాషల్ల ఆడోళ్లు నలుగురు కూడినా మొగోళ్ల క్రియలకు రారు, బహువచనంల గూడ మొగోళ్లు ఒక దిక్కు, ఆడోళ్లూ వస్తువులూ ఒక దిక్కు. ద్రావిడ భాషల ఈ లింగభేదం మీద భద్రిరాజు కృష్ణమూర్తిగారు వివరంగ రాసిన్రు. మరి గోండు ఆడోళ్లకు మన ఇండ్లల్ల ఆడోళ్లకన్న విలువ తక్కువున్నదా? చూసినోళ్లెవరు అట్లనరు. ఇటు మరాఠీల మొగాయనది ఒక క్రియ, ఆడామెది ఇంకో క్రియ. అట్లని మరాఠీ ఇండ్లల్ల బిడ్డలకు భూమి ఎక్కువ వచ్చిందా? రాలేదు. ఇది నేను బ్యాంకుల కండ్లార చూసిన లెక్క.

ఆ లెక్క చెప్పాల్నంటె విమల రాసిన 'వంటిల్లు' కాడికి పోవాలె. వంటింటికి రాణి అని పొగిడించుకున్న తల్లి, దినమంత తోమి సర్దిన గిన్నెల మీద మాత్రం తండ్రి పేరు. ఆ కవిత నడుమ ఉన్న ముచ్చట ఇదే. కవిత్వం తెలిసినోళ్లు ఇందుల ప్రతీక ఉన్నదంటరు. నాకైతె అచ్చం ఖాతా కనవడ్డది: పని ఒకరిది, టైటిల్ ఇంకొకరిది. మన దిక్కు పెండ్లి గిన్నెల మీద పేరు కొట్టిచ్చే అలవాటు ఇప్పటికీ ఉన్నది. ఇండ్లల్ల పాత ఇత్తడి బిందెలు తిప్పి చూడుండ్రి, ఎవరి పేరున్నదో.

పంట లోను ఇచ్చేటప్పుడు సాత్‌బారా ఉతారా చూస్తం. తండ్రి పోయినంక వారసుల పేర్లు ఎక్కుతయి, అందుల అక్కచెల్లెండ్ల పేర్లు గూడ ఉంటయి. అవి ఉన్నన్ని దినాలు లోనుకు అందరి సంతకాలు కావాలె. అందుకని అన్నదమ్ములు ఆడబిడ్డలను పిలిపిస్తరు, హక్కసోడ్ పత్రం రాయిస్తరు. హక్కసోడ్ అంటె హక్కు ఇడిసిపెట్టుడు. చీరె పెడ్తరు, అన్నం పెడ్తరు, సంతకం తీసుకుంటరు. నేను చూసినంత కాలంల ఒక్క ఆడబిడ్డ గూడ "ఎందుకు ఇడిసిపెట్టాలె" అని బయటికి అడగంగ ఇనలేదు. మొఖంల అడిగినోళ్లు మాత్రం ఉన్నరు. అటు ఆంధ్రప్రదేశ్‌ల ఎన్టీఆర్ కాలంల 1985 నుంచి, ఇటు మహారాష్ట్రల 1994 నుంచి పెండ్లి గాని బిడ్డలకు ఉమ్మడి ఆస్తిల కొడుకులతోని సమానంగ హక్కు వచ్చింది, దేశమంతట 2005ల వచ్చింది. సరిహద్దు అటు దిక్కు బాసరల ఉన్న హక్కు ఇటు దిక్కుకు రానీకి తొమ్మిదేండ్లు పట్టింది. ఇంతకు ముందు 1980ల చివర శరద్ జోశీ శేత్కరీ సంఘటన 'లక్ష్మీ ముక్తి' అని రైతుల భూమిని పెండ్లాల పేరు మీద ఎక్కియ్యమని ఊరూర చెప్పింది. కొందరు ఎక్కిచ్చిన్రు గూడ. కాయితం మీద ఇంత జరిగినంక గూడ హక్కసోడ్ మాట మన ఇండ్ల తెలుగుల నీళ్లు తాగినంత సులువుగ కలిసిపోయింది. "అక్క హక్కసోడ్ చేసిందా?" అని అడుగుతరు. మాండలిక నిఘంటువు రాసేటోళ్లు ఈ మాటను గూడ ఎక్కియ్యాలె, అర్థం దగ్గర ఆ చీరె ముచ్చట గూడ రాయాలె.

ఇప్పుడు పైట సంగతి. జయప్రభ రాసిన 'పైటను తగలెయ్యాలి' మీద ఎన్ని మాటలు నడిచినయో మీకు తెలుసు. పైట అనేది సిగ్గు పేరుతోని ఆడామె మీద ఏసిన కాపలా అని ఆ కవిత కోపం. కోపం నిజమైందే. కాని ఆ కవితను మా ఇంట్ల సదివి ఇనిపిస్తె మా పెద్దోళ్లకు పైట అనే మాటనే కొత్త. మన దిక్కు ఆ మాట సినిమాలల్ల ఇన్నదే. మనకున్నది కొంగు. మరాఠీల పదర్. అదీ గాక మన దిక్కు పాత ఆడోళ్లు గోశి పోసి కట్టేటోళ్లు, నౌవారి లెక్క. కొంగు నెత్తి మీదికి వస్తది, చేన్ల పోతె నడుముకు చుట్టుకుంటది. అది ఒక్క జాగల ఉండదు. మీద మీద కప్పుకునే బట్టకు ఒక బతుకు, నడుముకు దోపి కలుపు తీసే బట్టకు ఇంకో బతుకు.

ఈ తేడాను పట్టుకొని రాసింది వరంగల్ దిక్కు జూపాక సుభద్ర. కొంగు మీద ఆమె రాసిన కవితల కొంగు అనేది ఎద మీద కావలి గాదు, చెమట తుడిచేది అదే, మూట గట్టేది అదే, పని చేసే దళిత ఆడామెకు తోడుగ ఉండేది అదే. తగలెయ్యమంటె ఏం తగలెయ్యాలె? పనిముట్టునా? ఇద్దరి నడుమ ఎవరు గెలిచిన్రు అని నేను తీర్పు చెప్ప. ఇద్దరూ వాళ్ల వాళ్ల బట్ట గురించి నిజమే చెప్పిన్రు. కాని ఒక్క మాట. సుభద్ర కవిత మన పెద్దోళ్లకు సదివితె మళ్ల చెప్పాల్సిన పని వడలేదు. అర్థం గాని మాట ఒక్కటి గూడ లేదన్నరు. మా ఇంట్లామె అయితె "గిది కవిత్వమా? మా అమ్మ మాట్లాడినట్టే ఉన్నది" అన్నది. మెచ్చుకుంటున్నదో లేదో నాకు తెలవలేదు. రెండోసారి సదవమన్నది, కాబట్టి మెచ్చుకున్నదనే అనుకున్న.

భాష మారితె కవిత ఎనుక ఉన్న మనిషి మారుతది అని ఇక్కడ తెలుస్తది. 1980లు, 90లల్ల వచ్చిన కవిత్వంల ఎక్కువ భాగం సదువుకున్నోళ్ల తెలుగు, అందుల కోస్తా తెలుగు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' అని పేరు పెట్టి కాన్పు గురించి రాస్తె తెలుగు కవిత్వంల అది పెద్ద అడుగే. అంతకు ముందు కవులకు తల్లి కావాలె గని కాన్పు అక్కరలేకుండె. అయినా చూడుండ్రి, పేరు ఇంగ్లిష్ దవాఖానది. మన ముసలమ్మలు "నీళ్లాడింది" అంటరు. ముట్టు గురించి మన ఇండ్లల్ల "బయట ఉన్నది" అంటె, మరాఠీ ఇండ్లల్ల కాకి ముట్టింది అంటరు, 'కావళా శివలా' అని. చిన్న పిల్లలు నిజంగనే కాకి వచ్చి ముట్టిందనుకుంటరు. ఇసొంటి మరుగు మాటలు ఎన్ని ఉన్నయో లెక్క తీస్తె అదే ఒక పుస్తకం అయితది, దాచేటందుకు ఒక భాష ఎంత కష్టపడుతదో తెలుస్తది.

ఇంకొక చిన్న మాట, తెలంగాణ తెలుగు మాట్లాడేటోళ్లం చదివేటప్పుడు యాదిల పెట్టుకోవాల్సింది. కోస్తా కవయిత్రి "బిడ్డ" అంటె పుట్టిన శిశువు, ఆడో మొగో. మనం "బిడ్డ" అంటె కూతురు. "నాకు ఒక కొడుకు, ఇద్దరు బిడ్డలు" అంటం. బిడ్డ గురించి రాసిన కవిత అక్కడ తల్లీపిల్లల కవిత, ఇక్కడ తల్లీకూతుర్ల కవిత. గర్భంల ఆడపిల్ల అని తెలిసి తీపిచ్చే సంగతి మీద వచ్చిన కవితలను మన అర్థంతోని చదివితె ఇంకింత బరువెక్కుతయి. రాసినోళ్లు అనుకోని అర్థమే గావచ్చు, మన చెవికి మాత్రం ఇనవడుతది.

మాండలికంల రాస్తె కవిత్వం చిన్నదయితది అనేటోళ్లకు మన రాష్ట్రంలనే జవాబున్నది. జళగావ్ దిక్కు బహిణాబాయి చౌధరి, 1880ల పుట్టింది, 1951ల పోయింది. సదువు రాదు. ఇసురుకుంట, చేన్ల పని చేసుకుంట పాడింది, ఖాన్‌దేశ్ దిక్కు మాటలతోని. కొడుకు సోపాన్‌దేవ్ రాసిపెట్టిండు. ఆమె పోయినంక 1952ల ఆచార్య అత్రే ముందుమాటతోని పుస్తకం వచ్చింది. ఇయ్యాల జళగావ్ విశ్వవిద్యాలయానికి ఆమె పేరు ఉన్నది. ఇంక ఎనుకకు పోతె గోదావరి మీదనే, మనకన్న ఎగువకు, గంగాఖేడ్‌ల పుట్టిన జనాబాయి, నామదేవుని ఇంట్ల పనిమనిషి. ఈ కాలంల హేమా రాయ్‌రికర్, గీ ప్వాత్వాఁ అని ఇద్దరు పరిశోధకులు మహారాష్ట్ర ఊర్లల్ల ఆడోళ్లు ఇసురుకుంట పాడిన ఓవీలను లక్షకు పైన సేకరించిన్రు. ఇటు మన సరిహద్దు ఊర్లల్ల తెలుగుల ఇసుర్రాయి పాటలు, నాటు పాటలు, బతుకమ్మ పాటలు పాడిన ముసలమ్మలు ఒక్కొక్కరే పోతున్నరు.

అట్లని జానపదం అంటె అన్ని మంచియే అనుకోవద్దు. బతుకమ్మ పాటలల్ల అత్తగారింటి కష్టం చెప్పుకొని ఏడ్చేటియున్నయి, అత్తగారింట్ల నోరు మూసుకొని ఎట్ల ఉండాల్నో నేర్పేటియి గూడ ఉన్నయి. రెండూ ఆడోళ్లే పాడుతరు, ఒక్క రాత్రిలనే. పాటను పొగిడే తొందరల ఈ రెండోదాన్ని దాచిపెట్టే వ్యాసాలు చాన చూసిన. సుభద్ర కవిత్వం నాకు నచ్చేది ఎందుకంటె ఆమె మాండలికాన్ని అలంకారం చేసుకోదు. ఆ మాటలల్ల ఉన్న కులం, ఉన్న ఆకలి గూడ ఆ మాటలతోనే బయటికి తీస్తది. గోగు శ్యామల సంపాదకత్వంల 2003ల వచ్చిన 'నల్లపొద్దు' చదివితె ఇది ఒక్క మనిషి ముచ్చట గాదని తెలుస్తది. 2005ల వచ్చిన షాజహానా 'నఖాబ్' గూడ మన దిక్కోళ్లు చదవాలె. ఉర్దూ, తెలుగు ఒక్క నోట్లె ఉండేది ఎట్లుంటదో నిజాం రాజ్యంల బతికిన మన తాతలకు ఒకరు చెప్పాల్నా?

మన నాందేడ్‌ల పుట్టిన కవయిత్రి ఒకామె ఉన్నది, కవితా మహాజన్. 1967ల పుట్టింది, 2018ల పోయింది. 'బ్ర' నవలతోని పెద్ద పేరొచ్చింది గని కవిత్వం గూడ రాసింది. ఒక సంపుటి పేరు 'తత్పురుష్'. మనం బళ్లె చదివిన సమాసం పేరే. ఆ సమాసంల ముందటి మాట ఎనుకటి దానికి లోబడి ఉంటది. విడదీస్తె "ఆ పురుషుడు" అని గూడ అర్థం వస్తది. కవయిత్రులు వ్యాకరణం పుస్తకాన్ని ఎట్ల దులుపుతరో చూడనీకి ఆ ఒక్క పేరు చాలు. మనోళ్లల్ల మరాఠీ బాగ వచ్చినోళ్లు ఆ కవితలను మన ఇంటి తెలుగులకు తెస్తె ఎంత బాగుంటది. పుస్తకాల తెలుగులకు గాదు, మనింటి తెలుగులకు.

ఇంక వోచర్ లేని కవితల సంగతి. మార్చి 8 వచ్చిందంటె ఫోన్ల నిండ "ఆమె" కవితలు. ఆమె నది, ఆమె ఆకాశం, ఆమె భూమి, ఆమె సహనం. రాసేటోళ్లల్ల సగం మంది మొగోళ్లే. నదికి ఇంటి పని ఉండదు, ఆకాశం హక్కసోడ్ మీద సంతకం పెట్టది. "ఆమె వచ్చింది, బస్సు వచ్చింది" అన్న వ్యాకరణానికి ఈ కవితలు ఇంకో వరుస కలిపినట్టే, "నది వచ్చింది" అని. మెచ్చుకుంట వస్తువు చేసుడు అంటె ఇదే. ఇప్పటి కవయిత్రులల్ల గూడ కొందరు ఇదే దారిన పోతున్నరు, పెద్ద పెద్ద మాటలు, ఇంట్ల ఎవరూ అనని మాటలు. కాని అందరూ అట్ల లేరు. 'మాటల మడుగు' రాసిన మెర్సీ మార్గరెట్‌కు 2017ల సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది, ఆమె కవితలు ఓపికతోని చదవదగ్గయి. నాకు ఒక్కసారికి అన్ని అర్థం గావు, మళ్ల చదువుత.

మహారాష్ట్రల 2024 మే 1 సంది పుట్టిన పిల్లల సర్కారు కాయితాలల్ల పేరు, తర్వాత తల్లి పేరు, తర్వాత తండ్రి పేరు, తర్వాత ఇంటిపేరు రాయాలె. అక్షరాల కింద చూస్తె విమల చెప్పిన గిన్నె మీద తల్లి పేరు గూడ చెక్కినట్టే. గిన్నె ఎవరిదో తేలనీకి ఇంకా టైం పడ్తది.

మీకు ఒక పని చెప్తున్న. మీ ఇండ్లల్ల అరవై దాటిన ఆడోళ్లను కొంగుకు ఎన్ని పేర్లున్నయో, కొంగుతోని ఏమేం పనులు చేసేదో అడుగుండ్రి. ముడి ఏసుకొని పైసలు పెట్టుకునే దానికి ఏమంటరు, నెత్తి మీద కప్పుకునేదానికి ఏమంటరు, నడుముకు దోపేదానికి ఏమంటరు. తెలుగు మాట గుర్తుకు రాక మరాఠీ చెప్తె గది గూడ రాయుండ్రి. కింద ఊరు పేరు, తాలూకా పేరు మర్చిపోవద్దు. మొగోళ్లు ఊహించి చెప్పేటియి వద్దు.